లేచే మనిషి

పాత ఇనుము గుట్టలో పైనున్న కాలిపర్‌ను తీసి బెల్టత్త మోకాలి కీలు ఒకసారి ఆడించి చూసింది. కిర్రుమంది. తొడపట్టా లోపలి తోలు ఏళ్ల తరబడి చెమటకు నల్లబడి పగుళ్లు తీసింది. తాను కుట్టిన కుట్టు మాత్రం ఒక్క పోగు కూడా వదల్లేదు.

"కుట్టంటే అదీ," అని తనకు తానే చెప్పుకుని దాన్ని పక్కన పెట్టింది.

ఆసుపత్రి వెనక, వర్క్‌షాపుకీ ప్రహరీగోడకీ మధ్య ఉన్న ఇరుకు జాగాలో ఆ గుట్ట నడుమెత్తు పెరిగింది. అన్నీ కాలు నిలవనివాళ్ల కోసం చేసిన ఇనుప కాలిపర్లే. కాలికి ఇరుపక్కలా కడ్డీలు, మోకాలి దగ్గర మడత కీలు, నిలబడ్డప్పుడు ఆ మడత పడిపోకుండా ఆపే జారుడు రింగు, పైన తోలు పట్టాలు, కింద బూటు. ఇప్పుడు అచ్చుపోసిన ప్లాస్టిక్‌వి వచ్చాయి. ఈకంత తేలిక. కొత్తవి తొడుక్కున్నవాళ్లు పాతవాటిని అక్కడే విడిచి వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. శనివారం పాత ఇనుము బండి వచ్చి ఎత్తుకుపోతుంది.

ఆమె ఆ వర్క్‌షాపులో పట్టాలూ బెల్టులూ కుట్టే మనిషి. కాలికి పట్టీలు బిగిస్తుంటే గుక్కపెట్టి ఏడ్చిన పిల్లలెవరో పెట్టిన పేరు బెల్టత్త. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, తమ పిల్లల్ని వెంటేసుకుని వచ్చినా అదే పిలుపు. జీతాల రిజిస్టరులో ఇంకో పేరు ఉందిగానీ దానికామె వెంటనే పలకదు.

"ఏమ్మా, ఇక్కడున్నావా?" అంటూ సూపరింటెండెంటు గోడవార నుంచి జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చాడు. మంచివాడే. కాకపోతే ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే అయినా ఆ మనిషి వెనక పదిమంది నిలబడి వింటున్నట్టు మాట్లాడతాడు. "నువ్వు కిటికీకి వేలాడగట్టిన పిట్టలు చూశాను. బకిళ్లతో, తోలు ముక్కలతో. భలే ఉన్నాయి."

"పిల్లలు ఏడుపు మానతారని సార్."

"గురువారం కొత్త భవనం ప్రారంభం. గేటు దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ఈ పాత ఇనుముతోనే ఒక మనిషిని చెయ్యి. పరిగెత్తుతుండాలి. చేతులు రెండూ పైకి. గెలిచినట్టు!"

"పరిగెత్తుతూనా సార్?"

"పరిగెత్తుతూనే. చూసినవాళ్లకి ఉత్సాహం రావాలి. వెల్డింగు మేస్త్రిని నీకు ఇచ్చేస్తున్నా, బుధవారం దాకా."

మేస్త్రిని సుత్తినో పట్టకారునో ఇచ్చినట్టు ఇచ్చేసి ఆయన వెళ్లిపోయాడు.

వెల్డింగు మేస్త్రి ఆసుపత్రిలో విరిగిన మంచాలూ ఊడిన గేట్లూ అతికే మనిషి. పని మొదలెట్టేముందు పనికిరాదని ఒకసారి చెప్పి, ఆ తర్వాత ఒళ్లు దాచుకోకుండా చేస్తాడు. మంగళవారం పొద్దున్నే గుట్ట ముందు నిలబడి, "ఇందులోంచి మనిషి రాడక్కా," అన్నాడు. మధ్యాహ్నానికి రెండు కాళ్లు, ఒక మొండెం, పైకెత్తిన రెండు చేతులు తాత్కాలికంగా అతికించి గోడకు ఆనించాడు. ఇద్దరూ నాలుగడుగులు వెనక్కి వేసి చూశారు.

"పోలీసుల్ని చూసి గోడ దూకుతున్నవాడిలా ఉన్నాడు," అన్నాడు మేస్త్రి.

బెల్టత్తకు నవ్వాగలేదు. కానీ నవ్వు అయిపోయాక కూడా ఆ బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. ఏదో అబద్ధం ఉంది అందులో. ఆమె వెళ్లి గుట్టలోంచి ఒక్కో కాలిపర్ తీసి, వేళ్లతో తడిమి చూడడం మొదలుపెట్టింది. పదో పదిహేనో చూశాక మేస్త్రిని పిలిచింది.

"ఇవి ఎక్కడ అరిగాయో చూడు."

"బూటు దగ్గర అరుగుతాయి. నడిస్తే అరిగేది అదే కదా."

"బూటు కాదు. చూడు."

మేస్త్రి కళ్లద్దాలు నుదుటి మీంచి కిందికి దించుకుని చూశాడు. జారుడు రింగు లోపలి అంచు నున్నగా, సన్నగా అరిగిపోయి ఉంది. దాని కింద కడ్డీ మీద రింగు జారిన మేర వేలెడంత గీత, వెండిలా మెరుస్తోంది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. ఇంకోటి. అదీ అంతే.

"లేచినప్పుడు ఒకసారి, కూర్చున్నప్పుడు ఒకసారి," అంది బెల్టత్త. "రోజుకి ఎన్నిసార్లో, ఎన్నేళ్లో. ఇవి తొడుక్కున్నవాళ్లు పరిగెత్తింది లేదు మేస్త్రీ. లేచారు. అంతే. అదే వాళ్ల పరుగు."

"మరి సారు?"

"సారు సంగతి తర్వాత."

అంది గానీ, లేచే మనిషి ఎలా ఉంటాడో చెయ్యబోతే ఆమెకు చెయ్యాడలేదు. ఏళ్ల తరబడి ఆమె కళ్లు కాలిపర్‌నే చూశాయి. పట్టా ఎక్కడ ఒరుసుకుంటోంది, బకిల్ ఎన్నో బెజ్జంలో ఉండాలి, అవే. మనిషి ఎలా లేస్తాడో ఎప్పుడూ నిలబడి చూడలేదు.

ఆ సాయంత్రం అయిదు దాటాక కిటికీ దగ్గర చేతులకు అంటిన మసి తుడుచుకుంటూ ఉండగా, ఆవరణకు అవతల చీటీల గది లోపల, తెరిచి ఉన్న వెనక తలుపులోంచి ఓరగా కనిపించింది. కొత్తగా వచ్చిన రోగులకు పేర్లు రాసి చీటీలిచ్చే అమ్మాయి ఒక్కతే ఉంది లోపల. అందరూ ఆమెను చీటీలమ్మాయి అంటారు. ఏడేళ్లప్పుడు ఎడమ కాలికి కాలిపర్ వేయించుకోవడానికి ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు ముప్ఫై దాటాయి. ప్లాస్టిక్‌ది ఇస్తామంటే వద్దంది. ఇనుపదానికే అలవాటు పడ్డానంది. కౌంటరు మూసి చాలాసేపయినా ఆ అమ్మాయి కుర్చీలోంచి కదల్లేదు. ఆవరణలో ఆఖరి మనిషి గేటు దాటేదాకా కాగితాలు సర్దుతూనే ఉంది.

అప్పుడు లేచింది.

కుర్చీ వెనక్కి జరిపింది. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి ముందుకు చాపింది. బట్టల మీంచే తడిమి రింగును కిందికి జార్చింది. కుడిపాదాన్ని కుర్చీ కిందికంటా లాక్కుంది. ఒక చెయ్యి కుడి మోకాలి మీద, రెండోది బల్ల అంచు మీద. వీపు ముందుకు వంగింది. అక్కడ, లేచీ లేవని చోట, ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత నడుం ఒక్క విసురు విసిరి నిటారుగా నిలబడి, సంచీ భుజానికి తగిలించుకుని లైటు ఆర్పింది.

బెల్టత్త చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

బుధవారం తెల్లవారగానే వచ్చి, మేస్త్రి గ్యాసు సిలిండరు తెరిచేలోగా ఆమె నేల మీద సున్నంతో గీతలు గీసేసింది. ఎడమ కాలు చాపి ఉండాలి, రింగు పడి ఉండాలి. కుడి కాలు మడిచి ఉండాలి. మేస్త్రి అవి చూసుకుంటూ పనిలో పడ్డాడు. వెన్నెముకకు పొడుగాటి ఇనుప చంకకర్ర ఒకటి దొరికింది. తొడపట్టాల ఇనుప చట్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే పక్కటెముకలయ్యాయి. బకిళ్ల నాలుకలు ఊడదీసి వేళ్లు చేశారు. మోకాలి మీదున్న చేతిలో అయిదు వేళ్లూ అదిమిపట్టినట్టు ఉండాలని ఒక్కోటీ పట్టకారుతో వంచి, నచ్చక మళ్లీ వంచింది. కుర్చీ అక్కర్లేదంది. బల్ల మాత్రం కావాలంది. పాత మంచం తాలూకు తలవైపు చట్రం కోసి బల్ల అంచు చేశాడు మేస్త్రి.

తలకు ఏమీ కుదరలేదు. చివరికి వార్డులో పక్కన పారేసిన రెండు ఎనామిల్ గిన్నెలు, పెచ్చులూడినవి, బోర్లించి కలిపి అతికారు. బెల్టత్త దాన్ని మెడ మీద పెట్టి పట్టుకుని, కాస్త కిందికి వంచింది.

"ఇక్కడ పెట్టు. నేలను చూస్తున్నట్టు. అంత కష్టపడే మనిషి తల కిందికే ఉంటుంది."

మేస్త్రి నిప్పురవ్వలు చిందిస్తూ అతికాడు.

సాయంత్రం సూపరింటెండెంటు వచ్చాడు. బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "ఇదేంటమ్మా? నడుం పట్టేసినవాడిలా ఉన్నాడు! పరిగెత్తమన్నాను కదా?"

"ఇవి తొడుక్కుని ఎవరూ పరిగెత్తలేదు సార్."

"అది నాకూ తెలుసు. కానీ వచ్చేవాళ్లకి..."

"వచ్చేవాళ్లు ఒక్కరోజు వస్తారు సార్. మిగతా రోజులన్నీ ఆ గేటులోంచి వచ్చేది లేవలేనివాళ్లు." ఉద్యోగంలో చేరాక పైఅధికారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "గెలిచినవాణ్ణి చూస్తే వాళ్లకేం వస్తుంది? లేస్తున్నవాణ్ణి చూస్తే లేవచ్చని తెలుస్తుంది."

ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంకోటి చేయించే వ్యవధి లేదు. "సరే, కానివ్వు," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, ఇంకోసారి బొమ్మ వైపు చూసి, "నిలబడుతుందిగా? ఎవరి మీదా పడదుగా?" అని అడిగాడు.

ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి, స్కూలు వ్యాను తోలే ఆమె భర్త ముందే వచ్చి టీ పెడుతున్నాడు.

"ఏంటి, మొహం అలా వెలిగిపోతోంది?"

"సారుతో దెబ్బలాడాను."

"నువ్వా!" గ్లాసు చేతికిస్తూ ఆమె అరచేతులు తిప్పి చూశాడు. వేళ్ల నిండా ఇనుప గీతలు. "నాతో తప్ప ఎవరితోనూ దెబ్బలాడవనుకున్నానే."

గురువారం పొద్దున ఏడింటికల్లా బొమ్మను గేటు పక్కన దిమ్మె మీద నిలబెట్టి, తెల్ల దుప్పటి కప్పారు. మేస్త్రి బోల్టులు బిగించి టీకి వెళ్లాడు. బెల్టత్త మాత్రం అక్కడే తిరుగుతోంది, దుప్పటి అంచు సరిచేస్తూ. అప్పుడే చీటీలమ్మాయి వచ్చింది. సంచీ భుజాన వేసుకుని, ఎడమ కాలును అర్ధచంద్రంలా తిప్పి వేస్తూ.

"ఇదేనా అత్తా? అందరూ చెప్పుకుంటున్నారు. నేను చూడకూడదా?"

"నువ్వు చూడకపోతే ఇంకెవరు చూడాలే!" అని బెల్టత్త దుప్పటి ఎత్తేసింది.

చీటీలమ్మాయి చూసింది. చాపిన ఎడమ కాలు. పడి ఉన్న రింగు. మోకాలి మీద చెయ్యి, బల్ల అంచు మీద చెయ్యి.

"ఇది నేను కదా."

"గుర్తుపట్టేశావా!" బెల్టత్త సంబరం చెప్పనలవి కాదు. "మొన్న సాయంత్రం కిటికీలోంచి చూశానే. ఎంత..."

"ఎప్పుడు? అందరూ వెళ్లిపోయాకా?"

అప్పటికిగానీ బెల్టత్తకు ఆ గొంతు వినిపించలేదు.

"అందరూ వెళ్లేదాకా ఎందుకు కూర్చుంటానో నీకు తెలీదా అత్తా?" అంది చీటీలమ్మాయి. అరవలేదు. అరిచి ఉంటే కాస్త నయంగా ఉండేది. "చిన్నప్పుడు క్లాసులో నేను లేస్తుంటే అందరూ రాయడం ఆపి చూసేవాళ్లు. బస్సులో చూస్తారు. పెళ్లిచూపుల్లో చూశారు. ఆ ఒక్క నిమిషం ఎవరి కంటా పడకుండా ఉండాలని రోజూ గంటసేపు ఉత్త కాగితాలు సర్దుతాను. నువ్వు దాన్నే తీసుకొచ్చి గేటు దగ్గర పెట్టావు."

"తల్లీ, నేను అలా..."

"ఒక్కమాట అడగాల్సింది."

దుప్పటిని తనే కిందికి లాగి, చీటీలమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. ఎప్పటికంటే గబగబా నడవాలని చూసింది కాబోలు, మెట్టు దగ్గర చెయ్యి గోడకు ఆన్చుకోవలసి వచ్చింది. బెల్టత్త అటు చూడబోయి చూపు తిప్పుకుంది.

పది నిమిషాల్లో ఆమె సూపరింటెండెంటు గదిలో ఉంది.

"తీసేద్దాం సార్."

ఆయన టై కట్టుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "నిన్ననే కదమ్మా అది ఉండాల్సిందేనని నామీదికి వచ్చావు?"

"నేనే తప్పు చేశాను సార్."

"ఏం తప్పు?"

చెబితే ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. చెబితే ఈయన కౌంటరు దగ్గరికి వెళ్లి పదిమందికి వినబడేలా ఓదారుస్తాడు. బెల్టత్త ఒక్క క్షణం తల వంచుకుని, "అతుకులు సరిగ్గా పడలేదు సార్. ఎవరి మీదన్నా పడొచ్చు," అంది.

గేటు దగ్గర నాలుగు పూలకుండీలు పెట్టారు. ప్రారంభం బాగా జరిగింది. తన అతుకులు సరిగ్గా లేవన్న మాట విన్న వెల్డింగు మేస్త్రి మాత్రం రోజంతా ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రం ఆమె అతన్ని పక్కకు పిలిచి ఉన్న సంగతి చెప్పింది. విని, చేతి తొడుగులు దులుపుకుంటూ, "ఆ నింద నా అతుకుల మీద పడ్డా పర్లేదులే అక్కా," అన్నాడు. బొమ్మను శనివారం బండికి ఎత్తేసేదాకా తడవకుండా ఉంటుందని కసరత్తుల హాల్లో ఓ మూలకు చేర్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం బెల్టత్త కుట్టుబల్ల మీద నీడ పడింది. తలెత్తి చూస్తే చీటీలమ్మాయి. తొడపట్టా చేతిలో ఉంది. బకిల్ దగ్గర తోలు తెగిపోయింది.

"నిన్న మెట్టు దగ్గర తెగింది," అని పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

బెల్టత్త తెగిన చోట కత్తిరించి, కొత్త తోలు ముక్క కొలిచి, ఆరెతో బెజ్జాలు పొడిచింది. మైనం రాసిన దారం రెండు సూదులకూ ఎక్కించి ఇటునుంచి ఒకటి అటునుంచి ఒకటి లాగుతూ ఏడెనిమిది కుట్లు వేసింది. మాట కోసం వెతుక్కుంటూ ఇంకో నాలుగు వేసింది.

"రేపు బండి వస్తుంది," అంది చివరికి, కుట్టు మీంచి చూపు ఎత్తకుండా. "ఆ బొమ్మను కూడా ఇచ్చేస్తున్నాను. నేను నిన్ను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, నువ్వు నా బిడ్డవే అనుకున్నాను. అందుకే అడగాలని తోచలేదు. అది తప్పే. అడగాల్సింది."

పక్క హాల్లోంచి పెద్ద గొంతు ఒకటి గోడలు దాటి వచ్చింది.

"నేను లేవనమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి! మొన్న పడ్డాను, చాల్లేదా?"

అది లారీ డ్రైవరు. ప్రమాదంలో కుడికాలి నరం తెగి రెండు వారాలుగా ఉంటున్నాడు. కొత్త ప్లాస్టిక్ కాలిపర్ వేశారు, మోకాలి దగ్గర జారుడు రింగు దీనికీ ఉంది. తొలిరోజే పడ్డాడు. అప్పట్నుంచీ చక్రాల కుర్చీలోంచి లేవమంటే తగువే.

"మరి ఆయన్ని చూడండి, ఎలా లేస్తున్నాడో," అంది కసరత్తులు చేయించే డాక్టరమ్మ. ఏ దారీ తోచక మూలనున్న బొమ్మను చూపించినట్టుంది.

"వీడా? వీడు లేస్తాడా! నాతో పందెం కట్టండి, ఇంకో నిమిషంలో బోర్లా పడి ముక్కు పచ్చడవుద్ది వీడికి."

పట్టా కుట్టడం అయిపోయింది. చీటీలమ్మాయి దాన్ని బట్టల లోపల్నించి బిగించుకుని లేచి, బయటికి వెళ్లే తలుపు వైపు కాక హాలు తలుపు వైపు నడిచింది. బెల్టత్త సూది చేత్తో పట్టుకునే వెనకాల వెళ్లింది.

బొమ్మ ముందు నిలబడి ఆ అమ్మాయి ఈసారి దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. మోకాలి మీదున్న ఇనుప వేళ్లను తాకింది. చుట్టూ తిరిగి మొహం వైపుకు వచ్చింది.

"ఆయన చెప్పింది నిజమే. ఇది పడిపోతుంది."

"అదుగో!" అన్నాడు డ్రైవరు.

"తల తప్పు అత్తా," అంది బెల్టత్త వైపు తిరిగి. "తల ఎందుకు వంచావు?"

"నువ్వు... అంత కష్టపడుతూ... సిగ్గుతో..." అంది బెల్టత్త. ఆ సాయంత్రం కిటికీలోంచి తనకు వెనకనించి ఓరగా వీపూ చేతులూ కాళ్లూ కనిపించాయి గానీ మొహం కనిపించలేదు. తల తాను ఊహించుకున్నదే.

"నువ్వు నన్ను వెనకనించి చూశావు. కింద చూస్తే పడిపోతాం. లేచేటప్పుడు ఎప్పుడూ నేల చూడను. ఎదురుగా గోడ మీద ఒక చోటు పెట్టుకుని దాన్నే చూస్తాను. ఆ చోటు పట్టుకునే లేస్తాను."

"నీకేం తల్లీ, చెప్తావు," అన్నాడు డ్రైవరు. అంతలో అతని చూపు ఆమె ఎడమ బూటు మీద, బట్ట అంచు కింద మెరుస్తున్న కడ్డీల మీద పడింది.

హాల్లో ఇంకా నలుగురైదుగురు రోగులున్నారు. వాళ్ల వెంట వచ్చిన మనుషులున్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. చీటీలమ్మాయి వాళ్లను చూసింది. మెడ దగ్గర చెమట పట్టింది. గోడవారనున్న కుర్చీని పట్టుకుని బరబరా లాక్కొచ్చి డ్రైవరుకు ఎదురుగా వేసింది. రింగు పైకి లాగి, మోకాలు మడిచి కూర్చుంది.

బెల్టత్త అలవాటుగా తల పక్కకు తిప్పుకుంది.

"చూడు అత్తా," అంది ఆ అమ్మాయి. "ఈసారి సరిగ్గా చూడు."

బెల్టత్త చూసింది. కాలు చాపడం, రింగు జార్చడం, పాదం లోపలికి లాక్కోవడం, అంతా ఆమెకు తెలిసిందే. తెలియనిది మొహం. వీపు వంగిందేగానీ గడ్డం వంగలేదు. కళ్లు డ్రైవరు భుజం మీదుగా ఎక్కడో ఒక్క చోట నాటుకుని ఉన్నాయి. పళ్లు బిగబట్టలేదు, బిక్కమొహం లేదు. లేచీ లేవని ఆ క్షణంలో ఆమె ఆగింది అలసిపోయి కాదు. లెక్క చూసుకోవడానికి. బరువు ఎక్కడుందో, ఎటు తోయాలో చూసుకుని, సరిగ్గా ఉందనిపించాక నడుం విసిరింది. చెయ్యి తిరిగిన పనివాడు సుత్తి ఎత్తి ఒక్క క్షణం ఆపినట్టు.

నిలబడి, ఊపిరి వదిలి, జారిన పైటంచు సర్దుకుంది.

"మేస్త్రిని పిలువు అత్తా. తల కోసి మళ్లీ అతకమను. పొద్దున్న ఆ బండివాడొస్తే మిగతావి ఇచ్చెయ్యి, ఇది కాదు."

"గేటు దగ్గర పెట్టనులే," అంది బెల్టత్త.

"గేటు దగ్గర వద్దు. ఇక్కడే ఉండనీ. ఇక్కడైతే చూసేవాళ్లు నేర్చుకోవడానికి చూస్తారు."

డ్రైవరు రెండు చేతులతో కుడికాలు ఎత్తి ముందుకు చాపాడు. రింగు కోసం తడుముకున్నాడు. ఎడమపాదం కుర్చీ కిందికి లాగాడు. గోడ మీద చోటు వెతుక్కున్నాడు. అరచేతులకు పట్టిన చెమట చొక్కాకు తుడుచుకుని, లేవబోయి ఆగాడు.

"ఇంకోసారి చూపించమ్మా. ఆ చివర్లో నడుం ఎటు తిప్పావో నాకు అందలేదు."

చీటీలమ్మాయి మళ్లీ కూర్చుంది.